కమ్లక్క చిప్పు

పదేళ్లు దాటింది. ఈ మాట ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక మనిషి గొంతును నేను చెరిపేశాను. చెరిపి, అబద్ధమాడాను. అదే మోస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో నాది చిన్న కంప్యూటర్ దుకాణం. ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం, ఫోన్ చిప్పుల్లో, అంటే మెమరీ కార్డుల్లో, పాటలు ఎక్కించడం, అదే బతుకు. వారంలో సగం రోజులు బంద్. తెరిచిన రోజు జనం ఎగబడేవాళ్లు.

అలాంటి ఒక పొద్దున పెద్దవంగర దగ్గరి తండా నుంచి కమ్లక్క వచ్చింది. పాత గిరాకీ. చిప్పు నిండిపోయి ఫోన్ మాటిమాటికీ ఆగిపోతోందని, శుభ్రం చేసి ఉద్యమ పాటలు ఎక్కించమంది.

"తమ్మీ, అండ్ల మా యాడి పాటున్నది. రోడ్డు మీద వంటావార్పు చేసిన్నాడు పాడింది. గదొక్కటి జర పైలం," అని మరీమరీ చెప్పింది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆమె పోయి అప్పటికి మూడు నెలలు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

"నీకెందుకక్కా పరేషాన్, నేనున్న గద," అన్నాను. సంతకు పోయి వస్తానని వెళ్లింది.

చిప్పులో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి తీసి, చిప్పు ఖాళీ చేసి, మళ్లీ ఎక్కించడం మా పద్ధతి. తీసినవన్నీ డెస్క్‌టాప్ మీద పడేసేవాణ్ణి, కళ్లెదుట ఉంటాయని. డెస్క్‌టాప్ మీద పెట్టిందంతా సీ డ్రైవ్‌నే తింటుందని తెలియక కాదు. బద్ధకం. పక్కన డీ డ్రైవ్ సగం ఖాళీగానే ఉంది.

చిప్పును పూర్తిగా ఫార్మాట్ కొట్టి ఖాళీ చేశాను. అప్పుడే దరఖాస్తుల సైటు మొరాయించింది. సిస్టమ్ అప్‌డేట్ చేస్తే తప్ప తెరుచుకోనంది. అప్‌డేట్ పెడితే సీ డ్రైవ్‌లో చోటు లేదంది. బయట ఇరవై మంది. ఆఖరి రోజు. మధ్యాహ్నం కరెంటు కోత. డెస్క్‌టాప్ మీది ఫోల్డర్లన్నీ ఒక్కసారే పట్టి తీసేశాను. కంప్యూటర్ చెత్తబుట్టలో ఉంటే చోటు మిగలదు కదా, అదీ ఖాళీ చేశాను. ఎంత తెలివి నాది! అప్‌డేట్ చకచకా నడిచింది.

అందరి దరఖాస్తులూ పంపాక చిప్పు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, యాడి పాట కూడా ఆ ఫోల్డర్లలోనే పోయిందని. పోయినవాటిని వెతికే సాఫ్ట్‌వేర్ వేసి చూశాను. పేరు కనబడింది, పాట తెరుచుకోలేదు. ఆ చోట్లో అప్‌డేట్ వచ్చి కూర్చుంది.

కమ్లక్క వచ్చింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. నా నోటికేం రోగమో, "చిప్పే ఖరాబైందక్కా," అన్నాను.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "నాదే తప్పు తమ్మీ. ఫోన్ బొడ్ల చెక్కుకొని నాట్లకు పోయిన. తడిసింది గావచ్చు," అంది.

తిట్టినా బాగుండేది. అంతటితో ఆగానా? "పారెయ్యకక్కా, ముందుముందు బాగుచేసే మిషన్లు వస్తయ్," అన్నాను. ఎందుకన్నాను? ఓదార్చడానికని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను కానీ, ఆమె కళ్లనీళ్లతో నా ఎదుట ఇంకాసేపు నిలబడితే నిజం కక్కేస్తానన్న భయంతోనే, ఎలాగైనా ఆమెను దుకాణం గడప దాటించాలనే ఆ మాట అన్నానని ఇప్పుడు తెలుస్తోంది. పిరికితనం. ఇంకేం కాదు.

తెలంగాణ వచ్చింది. మా ఊరు జిల్లా అయింది. కంప్యూటర్లు మారాయి. కమ్లక్క మాత్రం ఏడాదికోసారైనా వస్తుంది. మొన్న కూడా వచ్చింది. చిన్న డబ్బీ మూత తీసి, దూదిలో చుట్టిన చిప్పు బల్ల మీద పెట్టింది.

"మిషన్ వచ్చిందా తమ్మీ?"

"ఇంకా రాలేదక్కా," అన్నాను. మళ్లీ.

ఆ చిప్పు మంచిదే. ఎన్నడూ పాడవలేదు. అందులో ఏమీ లేదు, అంతే. ఆమెకు చెప్పాల్సింది మీకు చెప్పాను. ఇన్నేళ్లకు ఊపిరి కొంచెం ఆడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది. ఆ డబ్బీలో దూది ప్రతిసారీ కొత్తదే ఉంటుంది.