బురుజు గోడలో ఎర్రగుడ్డ డబ్బా

దయ్యాల్లేవు, మంత్రాల్లేవు అని ఏడో తరగతి పిల్లలకు పాఠం చెప్పి జీతం తీసుకునేదాన్ని నేను. అలాంటి నన్ను ఒక ముసలమ్మ పట్టుకుని రెండేళ్లుగా వదలడం లేదు. పోనీ ఆమె చనిపోయిందా అంటే అదీ లేదు. నేరేడుచర్లలో కూతురింట్లో బతికే ఉంది. అయినా గిన్నెలు తోముతుంటే వెనక నిలబడ్డట్టు ఉంటుంది, బోర్డు మీద రాస్తుంటే చూస్తున్నట్టు ఉంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

అంతా ఒక ఆట వల్ల వచ్చింది. జియోకాషింగ్ అంటారు. ఎవరో ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటు ఫోన్ మ్యాప్ మీద పెడతారు. మిగతావాళ్లు వెతికి పట్టుకుని, లోపలి పుస్తకంలో పేరు రాసి, అందులోంచి ఒక చిన్న వస్తువు తీసుకుని ఇంకొకటి వేసి, మళ్లీ అక్కడే పెట్టాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ కలిపినా ఆడేవాళ్లం పదిమందికి మించి లేము. పాత కట్టడాల దగ్గరే దాచాలని నా పంతం. మన ఊళ్ల చరిత్ర మనకే పట్టదని నాకు మొదట్నుంచీ మంట.

అలా త్రిపురారం అవతల ఒక ఊళ్లో, కూలిపోతున్న బురుజు గోడ సందులో నా డబ్బా పెట్టాను. ప్లాస్టిక్ మెరిసి కనబడుతుందని పాత జాకెట్టు గుడ్డ చుట్టి దారంతో కట్టాను. ఎర్ర గుడ్డ. ఆ దరిద్రపు ఆలోచన ఇంకెవరిదో కాదు, నాదే. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగి, గోడ సందులో ఎర్రగుడ్డ మూట కనబడితే జనం ఏమనుకుంటారో తెలియనిదాన్నా? నా బుద్ధి గడ్డి తిన్నది. ఆ బురుజు పక్కనే ఒక ముసలమ్మ నాలుగు మేకలతో ఒంటరిగా ఉండేది. "ఏ ఊరు బిడ్డా మనది, గింత ఎండల తిరుగుతున్నవ్?" అని అడిగింది. ఫోటోలు తీసుకుంటున్నానని చెప్పి వచ్చేశాను.

ఏడాది తర్వాత ఒక శనివారం పొద్దున, ఈ ఆటలోనే పరిచయమైన కోదాడ రిటైర్డ్ ఇంజనీరు ఫోన్ చేశారు.

"మీ డబ్బా వెతుకుదామని వచ్చానండి. ఊళ్లో పెద్ద గొడవగా ఉంది మేడం. ఉపాధి హామీ పనిలో కంప కొడుతుంటే దొరికిందంట. బాణామతి, చేతబడి అంటున్నారు. పుస్తకంలో పేర్లున్నాయి కదా, అందులో ఒకటి ఈ ఊరి పిల్ల పేరంట. ఆ పిల్లకి వారం నుంచీ జ్వరం. బురుజు పక్కన ముసలావిడే చేసిందని ఆవిడ మీద పడ్డారండి. రేపు సాయంత్రంలోపు ఊరు విడిచిపొమ్మన్నారు. నాకు భయమేసి నోరెత్తకుండా బయటికొచ్చేశాను."

ఆ పేరు రాసింది మాతో ఆడే సూర్యాపేట అమ్మాయి. వీధికి ఇద్దరికి ఉండే పేరు అది.

"ఇప్పుడు పోకు. కోపంల ఉన్నరు, నిన్నే చెట్టుకు కట్టేస్తరు. జర ఆగు" అన్నాడు మా ఆయన. ఆయన మీదికి తోసేయడం సులువే. కానీ ఆయన మాట నేను ఏనాడు విన్నాను గనక? భయం నాది. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో కూర్చున్నాను. ఆదివారం కోడికూర వండి రెండుసార్లు ఉప్పు వేశాను. సాయంత్రం ఐదయింది, ఆరయింది. గడియారం చూస్తూనే ఉన్నాను. చీకటి పడ్డాక, ఇక అయిపోయే ఉంటుందిలే అనుకున్నాను. అనుకున్నాక కాస్త నెమ్మదించాను కూడా. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

సోమవారం సెలవు పెట్టి ఆ ఊరు వెళ్లాను. డబ్బాను కాల్చేశారట. గ్రామపంచాయతీ ముందు కూర్చున్న నలుగురికి ఫోన్‌లో దాని ఫోటో చూపించాను, ఎర్రగుడ్డతో సహా. పుస్తకంలో మొదటి పేరు నాదేనని చెప్పాను. తిడతారనుకున్నాను, కొడతారనుకున్నాను. "గిదేం ఆటమ్మా, సదువుకున్నోళ్లకు పనేం లేదా?" అని ఒక పెద్దమనిషి నవ్వాడు. పిల్లకు డెంగీ అని మిర్యాలగూడ దవాఖానలో తేల్చారట, తగ్గుతోందట. పది నిమిషాల్లో అందరూ నమ్మేశారు. ఆ పది నిమిషాలే ఇప్పటికీ నన్ను పీక్కుతింటున్నాయి.

"అవ్వ ఏది?" అని అడిగాను.

"నిన్న పొద్దుమూకంగ నేరేడుచర్లల బిడ్డ దగ్గరికి పోయింది. ఎవ్వలు కొట్టలే. ఆమెనే పోయింది" అన్నాడు ఆ పెద్దమనిషి నేల చూస్తూ. "తప్పయిందని చెప్పమ్మా. రమ్మను."

నేరేడుచర్లలో రైస్ మిల్లు వెనక రేకుల గదిలో దొరికింది. గడప దగ్గర కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆ డబ్బా నాదేనని, జరిగిందంతా మొదట్నుంచీ చెప్పాను. మిల్లు చప్పుడుకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"నేను సూడనే లేదు బిడ్డా. సూస్తే నేనే తీసి అవతల పారేద్దును" అంది.

"తప్పయిందన్నరు అవ్వా. రమ్మంటున్నరు."

"ఆ ఊర్ల సగం మందికి నేనే పురుడు పోసిన. నిన్న నన్ను సూసి పిల్లల్ని ఇండ్లల్లకు గుంజుకున్నరు. ఇగ గాడ ఎట్లుంటనే."

కాసేపు రాళ్లు ఏరింది. తర్వాత తలెత్తి అడిగింది. "నీకెప్పుడెర్కయింది బిడ్డా?"

శనివారం అని చెప్పడానికే నోరు తెరిచాను. "ఇయ్యాల పొద్దున" అని వచ్చింది.

చేట పక్కన పెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఎర్కగాంగనే ఉరికొచ్చినవ్. ఆ ఊర్ల నీ అసొంటిది ఒక్కతున్నా నాకీ గతి పట్టకపోవు. సల్లగుండు బిడ్డా."

లోపల్నుంచి ఆమె కూతురు చాయ్ తెచ్చింది. తాగాను.