పెత్రమాస నాడు తెచ్చుకున్న చీర

మా అన్న బొంబాయి మిల్లులో పనికి కుదిరిన ఏడు, బతుకమ్మకు సెలవు దొరకలేదు. దసరా దాటిన వారానికి వచ్చాడు. చార్మినార్ దగ్గరి బట్టల దుకాణంలో డబ్బు కట్టి, చీర కోసం ఒక గిఫ్టు కూపన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నీకే రంగు నచ్చుతదో నాకేమెరుక చెల్లె? నువ్వే పోయి తీసుకో. వచ్చే పండుగకు కట్టుకో."

అమ్మ, బాపు పోయాక పుట్టింటి చీర అంటే అన్న పెట్టేదే. కూపన్‌కు పసుపు కుంకుమ పెట్టి, అమ్మవారి పటం ముందు ఉంచాను. మంచి దినం చూసి పోదామంది అత్తమ్మ. దగ్గరివాళ్ళ చావుతో మైల వచ్చింది. ఆపై పుష్యమాసం, మూఢం. ఆ ఏడు అధికమాసం కూడా పడింది. శ్రావణంలో వెళ్దామంటే మావారికి జ్వరం. అమ్మవారి దగ్గరున్నది ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఇంట్లో బాపు దగ్గర తెలుగు నేర్చుకున్నదాన్ని, కూపన్ మీద ఉన్న ఇంగ్లీషు నాకు రాదు.

మళ్ళీ బతుకమ్మ వచ్చింది. ముందురోజు పటాలు తుడుస్తుంటే మావారు కూపన్ తీసి చదివారు.

"ఏందే, ఇది రేపటిదాకనే నడుస్తది!"

రేపు పెత్రమాస. పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే అమావాస్య. ఆ పక్షమంతా మా ఇంట్లో కొత్త బట్ట కొనరు. అత్తమ్మను అడగడానికి నాకు నోరు రాలేదు. అన్న రాత్రిపాళీలు చేసి ఇచ్చింది వట్టిపోతుందని వంటింట్లో కళ్ళు తుడుచుకున్నాను.

మర్నాడు అయ్యగారికి బియ్యం ఇచ్చి, భోజనాలు కాగానే అత్తమ్మ చెప్పులేసుకుంది. కూపన్ సంగతి మావారు చెప్పినట్టున్నారు.

"పొద్దుగాల పెద్దలది, మాపటికి బతుకమ్మది. నడిమిట్ల పొద్దు ఎవ్వలది గాదు. నడువు బిడ్డా."

"అమావాస్య గదా అత్తమ్మా?"

"బతుకమ్మ వచ్చే దినం చెడ్డదెట్లయితది? ఏమన్నుంటే ఆమెతోని నేను మాట్లాడుకుంట. నువ్వు రిక్షా పిలువు."

దుకాణం ఖాళీగా ఉంది. యజమాని, తెల్లగడ్డం పెద్దాయన, కూపన్ చూసి నవ్వాడు.

"ఏందమ్మా, చీటీకి బొట్టు గిట్ల పెట్టిన్రు? షాదీ చేస్తున్రా దీనికి?"

కుంకుమ కింద దుకాణం ముద్ర కనిపించడం లేదు. నేను బల్ల మీదికి వంగి చూశాను. ఆయన బొటనవేలితో మెల్లగా తుడిచి, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఉంది, ఉంది. ఫికర్ చెయ్యకమ్మా. ఆజ్ కా దిన్ అభీ బాకీ హై, ఈ దినం ఇంకా అయిపోలే."

"ముదురు రంగు తీసుకో, ఉతుకుడుకు ఆగుతది" అని అత్తమ్మ చెబుతూనే ఉంది. నేను చిలకపచ్చ చీర తీసుకున్నాను.

సాయంత్రం ఛత్రినాకలో మా గల్లీ ఆడవాళ్ళంతా బతుకమ్మల చుట్టూ చేరారు. పక్కింటి వదిన నా కొంగు పట్టుకుంది.

"చీర మస్తుగుంది. ఎవలు పెట్టిన్రు?"

నేను చెప్పేలోపే అత్తమ్మే చివరి వాకిలి దాకా వినబడేలా చెప్పింది: "ఎవలేంది? వాళ్ళన్న పెట్టిండు. బొంబాయిల ఉంటడు!"

ఇప్పటికీ బతుకమ్మకు మొక్కేటప్పుడు ముందు అన్నను, ఆ వెంటనే అత్తమ్మను తలుచుకుంటాను.