చప్పట్ల పెడల్

ఆ రోజుల్లో పెళ్లికి పందిరి ఎంత అవసరమో పాటల పార్టీ కూడా అంతే అవసరమని మా భద్రాచలం వైపు జనం గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకం మీద మా మామ బతికాడు, మామ మీద నేను బతికాను. డిగ్రీ తప్పి ఇంట్లో మొహం చూపించలేక (మొహం బాగానే ఉండేది, మార్కులే బాగాలేవు) అమ్మ తమ్ముడైన మామ దగ్గర చేరితే, ఆయన నాకు ఎలక్ట్రానిక్ డ్రమ్ము ప్యాడ్లు అప్పగించాడు. పుల్లలతో కొడితే డ్రమ్ముల మోత వచ్చే రబ్బరు పలకలు అవి. కింద రెండు పెడళ్లు ఉండేవి. కుడికాలితో నొక్కితే పెద్ద డ్రమ్ము, ఎడమకాలితో నొక్కితే తాళాల చప్పుడు. మడమ ఎత్తు బూట్లు తొడిగి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని స్టేజీ ఎక్కితే పెళ్లికొడుకు కన్నా నేనే బాగున్నానని నాకొక అభిప్రాయం ఉండేది. అది ఇంకెవరికైనా ఉన్నట్టు మాత్రం గుర్తు లేదు.

నా పక్కన డోలక్ పెట్టుకుని దరువు తాత కూర్చునేవాడు. మాకు చుట్టం కాదు. మామ పాట నేర్చుకునే వయసు నుంచీ ఆయన వెనక డోలక్ వాయించినవాడు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. అన్నం గిన్నె మీదా, మంచం పట్టె మీదా, ఎక్కిన బస్సు సీటు మీదా దరువు వేస్తూనే ఉండేవాడు కాబట్టి అందరికీ దరువు తాతే. నా ప్యాడ్లు వచ్చాక కొత్త పాటల్లో ఆయనకు పని తగ్గింది. నన్ను చూసి మొహం తిప్పుకుంటాడేమో అనుకున్నాను. ఆయన మాత్రం వంగి నా కాళ్ల వైపు చూసి, మనిషికి ఇంత పొడుగు కాళ్లుండి రెండే పెడళ్లేందని విచారపడ్డాడు. ప్యాడ్ల పెట్టె వెనక ఇంకో రెండు పెడళ్లు తగిలించే రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. కుట్టుమిషన్లు బాగుచేసే మిషన్ సాబ్ దగ్గరికి నన్ను తాతే వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆ పెద్దాయన చెక్క ముక్కల మధ్య స్ప్రింగు పెట్టి, కాలింగ్ బెల్ బటన్ బిగించి, జల్దీగా రెండు పెడళ్లు చేసిచ్చాడు.

ఇక వాటిలో ఏ చప్పుడు పెట్టాలన్నది సమస్య. నేను ముందు ఉరుము పెట్టాను. పెళ్లికొడుకు పందిట్లోకి అడుగుపెట్టగానే ఉరిమితే ఎంత గొప్పగా ఉంటుంది! అశ్వారావుపేట దగ్గర ఒక రైతు ఇంటి పెళ్లిలో అలాగే ఉరిమించాను. సగం పందిరి లేచి, కల్లాల్లో ఆరబోసిన మొక్కజొన్న మీద పట్టాలు కప్పడానికి పరుగెత్తింది. పెళ్లికూతురి మేనమామ కూడా పరుగెత్తాడు. ఆయన తిరిగొచ్చేదాకా ముహూర్తాన్ని పట్టుకుని కూర్చున్నారు. దాంతో మామ నా ఉరుమును శాశ్వతంగా ఆపించాడు.

ఖాళీ అయిన ఆ పెడల్‌కు చప్పట్లు పెట్టమన్నది తాతే. అడవి అంచు పల్లెల్లో జనం పాట నచ్చితే బొమ్మల్లా కూర్చుని వింటారు. అయిపోయాక కూడా అలాగే కూర్చుంటారు. మామకు ఆ నిశ్శబ్దం చూస్తే రెండో పాట గొంతులోనే ఆగిపోయేది.

"మనోళ్లకు సిగ్గు ఎక్కువ బిడ్డా," అన్నాడు తాత. "ఒక్కడు మొదలువెడితే సాలు, ఇగ ఊరంత కొడ్తది. ఆ ఒక్కణ్ణి నీ కాలికింద వెట్టు."

పెట్టాను. ఒకసారి నొక్కితే నిండు సభ చప్పట్లు, మధ్యలో ఒక ఈల. మొదట్లో జనం వెనక్కి తిరిగి ఎవరు కొడుతున్నారా అని చూశారు. తర్వాత వాళ్లూ కలిశారు. ఒకటి రెండు పెళ్లిళ్ల సీజన్లు గడిచేసరికి, ఆ చప్పుడు వినిపిస్తే చేతులు కలపాలన్నది మా వైపు అలవాటైపోయింది. మామ అంతా తెలిసీ వినయంగా దండం పెట్టేవాడు. ఆ చప్పట్లన్నీ పాడినవాళ్లకే. తాత వాటిని ఎప్పుడూ తనవనుకోలేదు.

మిషన్ సాబ్ చేసిచ్చిన రెండో పెడల్‌లో తాత డోలక్‌నే ఎక్కించాను. పాట చివర ఆయన వేసే ముక్తాయింపు ఒకటుండేది, గుండ్రంగా తిరిగి తిరిగి ఠక్కున ఆగేది. మైకు పెట్టి దాన్ని రికార్డు చేశాను. తన చప్పుడు నా బూటు కింద నుంచి వస్తుంటే తాత నోరు తెరిచి నవ్వాడు. ఆ తర్వాతి వానాకాలం గోదావరి పొంగి కరకట్ట కింద ఉన్న తాత ఇంట్లోకి వచ్చింది. డోలక్ నాని, తోలు కుళ్లి, చెక్క పగిలింది. తాత మళ్లీ కొనలేదు. నా పక్కన ఊరికే కూర్చుని మోకాలి మీద దరువు వేసేవాడు. మరుసటి ఏడు చలికాలంలో చనిపోయాడు.

పెద్దకర్మకు భజన పెట్టమని చెప్పడానికి తాత భార్య, మేమంతా అవ్వా అని పిలిచే ఆవిడ, మామ ఇంటికి వచ్చింది. మామతో మాట్లాడి వెళ్లబోతూ నా దగ్గర ఆగింది.

"మీ తాత సప్పుడు ఆ పెట్టెల ఉన్నదట కద బిడ్డా. ఇల్లంత ఊకున్నది. ఆ దినం నాకు ఒక్కపారి ఇనిపియ్యి."

ఎన్ని పెళ్లిళ్లలో వాయించినా నాకు ఎన్నడూ అంత భయం వేయలేదు. తాత చప్పుడు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు, నా కాలికిందే ఉంది. పెద్దకర్మ రోజు పొద్దున పెడళ్లు తుడిచి, వైర్లు చూసుకుని, అన్నీ సరిగ్గా పెట్టుకున్నాను. ఒక్కటే మరిచాను. అలికిన నేల మీద, తాత ఫోటో ముందు అందరూ చెప్పులు విడిచి కూర్చున్నారు. నేనూ బూట్లు విప్పాను. ఇన్నాళ్లూ ఏ పెడల్ ఎక్కడుందో తెలిసింది నా కాళ్లకు కాదు, బూట్లకు (ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది).

భజన ముగిసింది. ఫోటోకు దండ వేశారు. అవ్వ ముందుకు జరిగి కూర్చుంది. మామ నా వైపు తల ఊపాడు. వట్టి కాలితో తడుముకుని, కళ్లు మూసుకుని నొక్కాను.

చప్పట్లు. నిండు సభ చప్పట్లు, మధ్యలో ఈల.

ఒకసారి మొదలైతే పూర్తయ్యేదాకా ఆగని పెడల్ అది. మామ మొహం చూసే ధైర్యం లేక నేల వైపు చూస్తున్నాను. అప్పుడు వినిపించింది, నా పెట్టెలో లేని చప్పుడు. వెనక వరసలో ఎవరో చేతులు కలిపారు. పక్కవాళ్లు కలిపారు. అలవాటు అలాంటిది మరి. కర్మ చేయించడానికి వచ్చిన అయ్యగారు కూడా దర్భలు ఒళ్లో పెట్టుకుని మరీ కొట్టారు. ఒక్కరి మొహంలో నవ్వు లేదు. అందరూ తాత ఫోటో వైపే చూస్తూ కొడుతున్నారు. నాకు ఏడుపొచ్చింది.

అన్నీ ఆగాక అవ్వ కొంగు తీసి మొహం తుడుచుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ నన్ను చూడనే లేదు. ఫోటోతో మాట్లాడింది.

"సప్పట్లు అయినయి కద. ఇగ వాయించు."

ఈసారి కళ్లు తెరిచి, వంగి చూసుకుని, చేత్తో నొక్కాను. తాత డోలక్ గుండ్రంగా తిరిగి తిరిగి ఠక్కున ఆగింది. అవ్వ లేచి వచ్చి స్పీకరు మీద అరచేయి ఆనించి, ఇంకోపారి అంది. మళ్లీ నొక్కాను. ఆవిడ చాలు అనలేదు. చివరికి మామే వచ్చి నా భుజం మీద చేయి వేశాడు.

ఇప్పుడు నేను ఖమ్మంలో ఒక ఆఫీసులో గుమాస్తాను. పొట్ట వచ్చింది, నల్ల కళ్లద్దాల స్థానంలో చత్వారం అద్దాలు వచ్చాయి. అప్పుడప్పుడు ఎవరో ఒకరు రిటైరై, ఎన్నడూ మైకు పట్టని చేత్తో పట్టుకుని, తడబడుతూ రెండు మాటలు చెప్పి కూర్చుంటారు. మనవాళ్లకు సిగ్గు ఎక్కువ కదా, హాలంతా బొమ్మల్లా ఉంటుంది. బల్ల కింద నా కుడికాలు దానంతటదే నేలను నొక్కుతుంది. ఏ చప్పుడూ రాదు. కాలు వైపు చూసుకుని నాలో నేనే నవ్వుకుంటాను. తర్వాత చేతులు పైకి తీసి, నేనే మొదలుపెడతాను.