వెనక వైపు పావు అంగుళం

నాకు నోరెక్కువ. అమీర్‌పేటలో మా గల్లీకి వచ్చి జాకెట్లు కుట్టే ఆమె ఎక్కడ అని అడిగితే, నా గొంతు వినిపించే వైపుకే చెయ్యి చూపిస్తారు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల అమ్మాయిలు జాకెట్టు బిగుతైందని తిరిగి తెస్తే, "నేను కొలిచినంక నువ్వే లావైనవ్, జర బిర్యానీలు బంద్ చెయ్" అని వాళ్ల మీదికే నెట్టేదాన్ని. నా కొలత తప్పు అనే మాట ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా నా నోటి నుంచి రాలేదు. దాన్ని గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. ఇప్పుడు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మా ఆయన చెక్క పని చేసేవాడు. మా రెండిళ్లూ నేతవాళ్లవే అయినా ఆయన చిన్నప్పుడే మగ్గం వదిలి ఉలి పట్టాడు. పంజగుట్టలో ఒక ఫర్నిచర్ షాపుకు పూజా మందిరాల తలుపులు చెక్కి ఇచ్చేవాడు. తీగలు, హంసలు, తామరపూలు, ఏవి చెక్కినా ముట్టుకోబుద్ధయ్యేలా ఉండేవి. మూడేళ్ల కిందట ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. ముందు టీ గ్లాసు పట్టుకున్నప్పుడు, తర్వాత ఉలి పట్టుకున్నప్పుడు. డాక్టరు మందులు రాసి, ఇది తగ్గేది కాదు, పెరగకుండా చూసుకోవాలి అన్నాడు. సరిగ్గా అప్పుడే షాపు సేటు కంప్యూటర్ మిషన్ మీద కోయించిన తలుపులు తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. మా ఆయన రెండు నెలలు గోడకానుకుని కూర్చున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. ఈ మనిషి ఇలాగే కూర్చుని కూర్చుని అయిపోతాడేమోనని నాకు భయం పట్టుకుంది.

ఒకరోజు తనే నోరు విప్పాడు. "గా మిషన్ మనమే చేసుకుందాం. బొమ్మ నేను గీస్త, కోసుడు అది కోస్తది. నా చెయ్యి వణికితే దానికేం ఫికర్?"

"రేపు రాకెట్ సుత చేస్తనంటవ్" అన్నాను. పైకి అలా అన్నానే గానీ లోపల ప్రాణం లేచొచ్చింది.

మా పక్క షాపులో కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఉన్నాడు. మా ఆయనతో తమ్ముడి వరస కలుపుకుని నన్ను వదినా అంటాడు. వైర్ల సంగతి తను చూసుకుంటానన్నాడు. కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉన్న జిరాక్స్ షాపుల్లో పాడైన మిషన్లకు ఏం తక్కువ? వాటిని విప్పించుకుని నున్నటి స్టీలు రాడ్లు, చిన్న చిన్న మోటార్లు తెచ్చారు. ఒక మందపాటి ప్లైవుడ్ బల్ల, దాని రెండు అంచుల వెంబడి రెండు రాడ్లు, ఆ రాడ్ల మీద ముందుకూ వెనక్కూ జారే అడ్డచట్రం, ఆ చట్రానికి చెక్కను తొలిచే రూటర్. చూడ్డానికి అంతే మిషన్. రెండు రాడ్ల మధ్య ఎడం ముందు వైపు ఎంతుందో వెనక వైపూ అంతే ఉండాలని, తేడా వస్తే చట్రం మధ్యలోనే బిగుసుకుంటుందని మా ఆయన నాకు విడమర్చి చెప్పాడు. ఆ నెలంతా రోజూ గడ్డం గీసుకున్నాడు. కూరలో ఉప్పు తక్కువైందని నాతో గొడవ కూడా పెట్టుకున్నాడు. నాకు ఎంత సంతోషమైందో.

రాడ్లు బిగించడానికి గుర్తులు పెట్టాల్సిన రోజు వచ్చింది. ముందు వైపు తనే స్టీలు స్కేలుతో ఇరవై నాలుగు అంగుళాలు కొలిచి పెట్టుకున్నాడు. పెన్సిలు మూడుసార్లు జారింది. మూడుసార్లూ చెరిపి గీశాడు. వెనక వైపుకు వచ్చేసరికి అలసిపోయి పెన్సిలు నా చేతిలో పెట్టాడు. నా మెడలో ఎప్పుడూ వేలాడే టేపు ఉంది కదా, దాన్నే లాగి ఇరవై నాలుగు దగ్గర చుక్క పెట్టేశాను. మామూలుగా అయితే మా ఆయన ఎవరు కొలిచినా తను మళ్లీ కొలుచుకోకుండా పనిముట్టు పట్టడు.

"ఒక్కసారి చూసుకో" అన్నాను.

"ఊరోళ్ల జాకెట్లన్నీ నువ్వే కొలుస్తవ్. నీ కొలత మీద మళ్ల నేను స్కేలు పెడ్తనా?" అన్నాడు.

నేను పొంగిపోయాను. ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, చెమటలు కక్కుతూ, డ్రిల్లుతో రంధ్రాలు వేశాడు.

అన్నీ బిగించి మొదటిసారి నడిపిన రోజు ముగ్గురం నిలబడ్డాం. గుండ్రటి చక్రం ఒకటి కోయమని కంప్యూటర్లో పెట్టారు. చట్రం ముందు సగం బాగానే తిరిగింది. వెనక్కి పోయేకొద్దీ మూలుగుతూ ఆగుతూ పోయింది. కోసిన ముక్క చూస్తే చక్రం కాదు, నొక్కుకుపోయిన కోడిగుడ్డు. మళ్లీ నడిపినా అదే.

"యాడనో బిగుస్తున్నదన్నా. రంధ్రం వంకర పోయిందేమో" అన్నాడు పక్క షాపాయన.

మా ఆయన ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు. "పొడిసింది నేనే కదా" అన్నాడు. "మిషన్ చేసేటందుకు సుత చెయ్యి కావాలె. గా ముచ్చట మర్సిన."

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఎటో వెళ్లాడు. నిజంగా ఆ చెయ్యి అంత పనికిరాకుండా పోయిందా అని, నేను స్టీలు స్కేలు పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. రంధ్రాలన్నీ చుక్కల మీదే, నిటారుగా, అచ్చం పాత రోజుల్లో వేసినట్టే ఉన్నాయి. చుక్కలే తప్పు. వెనక వైపు పావు అంగుళం ఎక్కువ. టేపు తీసి స్కేలు పక్కన పరిచాను. స్కేలు ఇరవై నాలుగు చూపిస్తుంటే టేపు ఇరవై మూడుముప్పావు చూపించింది. లాగీ లాగీ ఎప్పుడు సాగిపోయిందో, నేను చూసుకోనే లేదు.

రాగానే చెప్పేద్దామనే కూర్చున్నాను. ఆయన వస్తూనే బంజారా హిల్స్‌లో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర పని ఒప్పుకుని వచ్చానన్నాడు. "కూసునే పనే. చేతులతోని అవసరం లేదు" అన్నాడు. నేను నోరు తెరిచాను. నా కొలత తప్పు, మూడే మూడు మాటలు. అవి రాలేదు. అన్నం తిన్నాక అనుకున్నాను. తిన్నాక, రేపు అనుకున్నాను. రెండు రోజుల్లో మోటార్లన్నీ పక్క షాపాయనకు ఇచ్చేశాడు. ఉలులు చుట్టిపెట్టి అటక మీద పడేశాడు. వెనక రంధ్రాలు మార్చి వేస్తే ఒక పూట పని. ఆ ఒక్క పూట నేను ఆయనకు ఇవ్వలేదు. ఊరందరితో గొడవ పడే నోరు, కట్టుకున్నవాడికి అవసరమైనప్పుడు పడిపోయింది. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

మొన్న ఫర్నిచర్ షాపు సేటు తనే మా ఇంటికి వచ్చాడు. మా ఆయన డ్యూటీకి తయారవుతున్నాడు. "ఒకాయన చేతితోని చెక్కిన తలుపే కావాలంటుండు. మిషన్‌ది వద్దంటుండు. వణికితే వణికింది, మెల్లగ చెయ్. ఎన్ని నెలలైనా ఆగుతడంట" అన్నాడు సేటు.

మా ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగింది. నేను చూశాను. వెంటనే తల దించుకున్నాడు. "వద్దు సేటు. నాలుగు రంధ్రాలు సక్కగ పొడవలేకపోయిన. తలుపు పాడుచేస్తే నీకు చెడ్డ పేరు. గీమె ముంగటనే అయింది, అడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను అవునని తలూపాను.

సేటు ఆరోగ్యం చూసుకోమని చెప్పి వెళ్లిపోయాడు. మా ఆయన డ్యూటీ చొక్కా వేసుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాడు. గుండీలు తను పెట్టుకోలేడు, నేనే పెడతాను.

"మంచిగ చేసినవ్" అన్నాడు. "నా మీద ప్రేమతోని, చేస్తడు అని అబద్ధం చెప్తవేమోనని భయపడ్డ."

నేను పై గుండీ దాకా పెట్టి పంపించాను.