నెమ్మదిగా వెళ్ళిన ఆఖరి బస్సు

మా బావ గడియారాలు బాగుచేస్తాడు. చెవి దగ్గర పెట్టుకుని వింటే చాలు, ఏ వాచీ వెనకబడుతోందో చెప్పేస్తాడు. ఊరందరి టైమూ సరిచేసే ఈ మనిషి తన టైమంతా ఒక రాక్ బ్యాండుకి ధారపోశాడు. దాని పేరు ‘తడి అగ్గిపుల్లలు’. పేరుకు తగ్గట్టే ఎక్కడా అంటుకోలేదు. నలుగురు కుర్రాళ్ళు ఎప్పుడో కలిసి ఒకే ఒక్క క్యాసెట్టు తెచ్చి, ఆ తర్వాత బుద్ధిగా ఉద్యోగాల్లో చేరిపోయారు. ఆ క్యాసెట్టు కొన్న పుణ్యాత్ముల్లో మా బావ ఒకడు. మిగతావాళ్ళు కూడా ఉన్నారని ఆయనే అంటాడు, నేను చూడలేదు.

ఆయన కొట్టు పక్కనే నా కళ్ళజోళ్ళ కొట్టు. మధ్యలో ఉన్నది చెక్క గోడ. కాబట్టి ఆ పాటలు నాకూ కంఠతా వచ్చేశాయి, నా ప్రమేయం లేకుండానే.

వాటిలో మూడంటే ఆయనకి ప్రాణం. చిక్కు పని చేతిలో ఉంటే ‘వానలో సైకిలు’ పెడతాడు. బేరమాడి ప్రాణం తీసినవాళ్ళు మెట్లు దిగగానే ‘అద్దె గది’. కొట్టు కట్టేసే ముందు మాత్రం ‘ఆఖరి బస్సు’. అందులో ఒకడికి ఆఖరి బస్సు తప్పిపోతుంది, ఇంటిదాకా నడుస్తాడు. కథ అంతే. కానీ ఆ గాయకుడు నూతిలోంచి వస్తున్న గొంతుతో ఒక్కో మాటనీ ఈడ్చుకుంటూ పాడుతుంటే, తప్పిపోయింది బస్సు కాదు, బతుకేమో అనిపిస్తుంది. బావ కళ్ళు తుడుచుకునేవాడు. అడిగితే, చిన్న చిన్న స్క్రూలు చూసీ చూసీ నీళ్ళు కారుతున్నాయనేవాడు.

ఫోనులో వెతికితే దొరుకుతుందేమో అని ఒకసారి అన్నాను. “ఫోనులో వినేవాడు అభిమాని కాదురా, బాటసారి,” అన్నాడు. మళ్ళీ నోరెత్తలేదు.

మా అక్కకి ఆ పాట పొడ గిట్టదు. “ఎవరో పోయినట్టు ఆ ఏడుపేంటండీ? వచ్చినవాళ్ళు వాచీ వదిలేసి పారిపోతారు,” అనేది. ఇంట్లో ఇస్త్రీ చేస్తున్నప్పుడు తనూ ఏదో కూనిరాగం తీస్తుంది. ఏం పాటే అంటే, “ఏదో లేరా,” అంటుంది.

ఇన్నాళ్ళకి ఆ నలుగురికీ జ్ఞానోదయమై, ఒక్క సాయంత్రం కలిసి పాడతామని ప్రకటించారు. బావ కాలు నేల మీద నిలవలేదు. అక్క రానంటే రానంది.

“ఒక్కసారి ఎదురుగా కూర్చుని ‘ఆఖరి బస్సు’ విను,” అన్నాడు బావ. “నీకు నచ్చకపోతే ఆ టేపు మళ్ళీ మన కొట్లో మోగదు. మాటంటే మాటే.”

“మీ తమ్ముడు సాక్షి,” అన్నట్టు నావైపు చూశాడు. అక్క వెంటనే మంచి చీర కట్టుకుంది.

చిన్న హాలు. బ్యాండువాళ్ళకి బట్టతలలొచ్చాయి, పొట్టలొచ్చాయి. ఏ పాట కావాలని గాయకుడు అడగ్గానే బావ లేచి నిలబడి ‘ఆఖరి బస్సు’ అన్నాడు. ఆ పాట ఒకరికి గుర్తున్నందుకు గాయకుడు పొంగిపోయాడు. డ్రమ్మరు పుల్లలు రెండూ టకటకా కొట్టాడు, పాట లంకించుకున్నారు.

అది పరుగో పరుగు. సన్నటి గొంతు, చిందులేసే గిటారు. బస్సు తప్పినవాడు సెలవు దొరికినట్టు గెంతుతూ ఇంటికి పోతున్నాడు. హాల్లో ఉన్న కొద్దిమందీ లేచి ఎగురుతున్నారు. చప్పట్లకని ఎత్తిన బావ చేతులు అలాగే ఉండిపోయాయి. అక్క ముఖం చిట్లించుకుని కూర్చుంది. పందెం పోయినట్టే.

అయిపోయాక బావ గాయకుడి దగ్గరికి వెళ్ళాడు. “బావుంది గానీ, కాస్త తొందరపడ్డారు.”

“లేదండీ, క్యాసెట్లో ఉన్నదీ ఇదే వేగం,” అన్నాడతను. “సరదా పాటే కదా. బస్సు తప్పితే ఇంకాసేపు కబుర్లు చెప్పుకుంటూ నడవొచ్చని రాశాం.”

డ్రమ్మరు నవ్వాడు. “మీ టేప్‌రికార్డరు బెల్టు సాగిపోయుంటుంది సార్. అలాంటప్పుడు గొంతు కూడా లావుగా వినిపిస్తుంది. ఎవరైనా మంచి మెకానిక్కుకి చూపించండి. ఇంతకీ మీరేం చేస్తుంటారు?”

“గడియారాలు బాగుచేస్తాడు,” అన్నాను నేను. నా నోరు ఊరుకోదు. కానీ దారి పొడుగునా బావ తన చేతి వాచీనే చెవి దగ్గర పెట్టుకుని వింటుంటే నాకు నిజంగా జాలేసింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి టేపు సొరుగులో ఉంది. బావ టేప్‌రికార్డరు విప్పి, కొత్త బెల్టు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. “ఇందులో రేడియో వినడానికైతే పనికొస్తుంది,” అన్నాడు నావైపు చూడకుండా. “ఇన్నేళ్ళూ లేని పాటకి ఏడ్చాన్రా.”

“రేడియోకి బెల్టెందుకు బావా?” అన్నాను.

అంతలో అక్క క్యారియరు పట్టుకుని వచ్చింది. బల్ల మీదున్నవన్నీ ఒకసారి చూసింది. “ఏం చేస్తున్నారు?”

“నీకు నచ్చలేదుగా. మాట నిలబెట్టుకుంటున్నాను.”

“నిన్న వాళ్ళు పాడింది నచ్చలేదు. దీని జోలికి రావద్దు.”

“ఇది తప్పే. అసలు పాట అది.”

“అయితే అయింది. వాళ్ళ వేగంతో ఇస్త్రీ చేస్తే ఒక్క మడతా పోదు.” కొత్త బెల్టు తీసి క్యారియరు సంచిలో పడేసుకుంది. “బిగించండి, పాతదే.”

బావ బిగించాడు. అక్క సొరుగులోంచి టేపు తీసి తనే పెట్టింది. నూతిలోంచి గొంతు లేచింది. ఆమె ఎన్నడూ కూర్చోని ముక్కాలిపీట లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

“ఎవరో పోయినట్టే ఉంది,” అని, కళ్ళు తుడుచుకుంది.