కృష్ణ ఒడ్డుకు నీళ్ల ట్యాంకరు

నాలుగైదేండ్ల కింద దేవరకొండ వైపు, కృష్ణ బ్యాక్‌వాటర్‌లో పడవలెక్కే చెక్కవంతెన దగ్గర టికెట్లు చింపేవాణ్ని. చెదలు పట్టొద్దని ఆ చెక్కలకు పాత ఇంజనాయిల్ పూసింది నేనే. చెదలు రాలేదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం మంటలొచ్చాయి.

వంతెన చివర చాయ్ అమ్మే లక్ష్మమ్మక్క అవతలే చిక్కుకుంది. ఆమెకు ఈత రాదు, నాకూ రాదు. వంతెన బరువుకు ఆగదని ఫైరింజన్ ఒడ్డునే ఆగింది. పైన ఎన్ని నీళ్లు కొట్టినా మంట చెక్కల అడుగున పాకుతూనే ఉంది. ఇంజన్ ఖాళీ అయింది. నదిలో నీళ్లు బాగా దిగిపోయి తోడే పైపు అందలేదు. నాకు చేతనైంది ఒక్కటే, నీళ్లకు కరువైన మా ఊరి అలవాటు కొద్దీ నీళ్ల ట్యాంకరుకు ఫోన్ చేశాను.

"కృష్ణ కాడికి నీళ్లా? పట్టపగలే తాగినవా?" అని డ్రైవరు ఫోన్ పెట్టేశాడు.

ఫోన్ చెవికి పెట్టుకొని అట్లాగే నిలబడ్డాను. చేపలు పట్టే యాదయ్య పుట్టిలో వంతెన చివరికి పోయి, "జర చెయ్యియ్యి అక్కా" అంటూ ఆమెను దింపుకొచ్చాడు.

ఒడ్డెక్కాక ఆమె నన్నే చూసింది. "ఫోన్‌ల మా ఇంట్లోల్లకు చెప్తున్నవనుకున్న తమ్మీ."

"అవునక్కా" అన్నాను.

ఆమె పత్రికలు చదవదు. అందుకే ఇది రాయగలిగాను.