కొబ్బరికి ముందు పిచ్చి మొక్కలు

పోయినేడు లక్షద్వీప్ వెళ్లినప్పుడు ఒక సంగతి మనసులో నాటుకుపోయింది. నేను తిరిగిన ప్రతి దీవిలోనూ మొక్కలు దాదాపు ఒకే వరసలో ఉన్నాయి. అలల దగ్గర ఇసుక మీద పాకే తీగలు, వాటి వెనక పొదలు, మొగలి, అన్నిటికీ లోపల కొబ్బరి. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని, చూసి ఊరుకోలేను కదా. గోదావరి పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న మన కోనసీమా దీవిలాంటిదే, మరి ఇక్కడా అదే వరస ఉందా? తేల్చుకుందామని 2007 ఫిబ్రవరిలో బయల్దేరాను.

రాజమండ్రిలో పొద్దున్నే రాజోలు బస్సెక్కితే జొన్నాడ, రావులపాలెం, కొత్తపేట, పి.గన్నవరం మీదుగా మూడు గంటల పైనే పడుతుంది. అక్కడి నుంచి మలికిపురానికి బస్సులు బాగానే ఉన్నాయి. మలికిపురంలో పెసరట్టు తిని, శంకరగుప్తం వైపు సముద్రానికి ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ నూట యాభై.

"బీచికాండీ? అక్కడ పిచ్చి మొక్కలు తప్ప ఏం ఉండదండీ," అన్నాడు డ్రైవరు.

"అవి చూడ్డానికే వచ్చానండీ."

"ఆయ్," అని అద్దంలో నన్ను ఓసారి తేరిపార చూసి, తనకి తెలిసిన రైతు సత్తిబాబు గారి కొబ్బరితోట దగ్గర దింపాడు.

తోట చూడగానే ఉసూరుమన్నాను. వరసా లేదు, పాడూ లేదు. తీగలు, మొగలి ఏవీ లేకుండా కొబ్బరి చెట్లు నేరుగా నీళ్ల దాకా ఉన్నాయి. ముందున్న చెట్ల వేళ్లు బయటపడి వేలాడుతున్నాయి. సత్తిబాబు గారి భార్య మంగాయమ్మ గారు బొండం కొట్టి ఇచ్చి, అడక్కుండానే చెప్పుకొచ్చారు.

"తొంభై ఆరు తుపానుకి సగం తోట పడిపోయిందండీ. మళ్లీ వేసేటప్పుడు ఈయన, ముందున్న జాగా ఊరికే పోతుందని మొగలీ తీగలూ అన్నీ కొట్టించేసి, ఇంకో రెండు వరసలు వేసేరు. నేను వద్దంటే, పిచ్చి మొక్కలు నీకెందుకే అన్నారండీ నన్ను."

"కోనసీమలో జానెడు జాగా కనపడితే కొబ్బరి మొక్క పెట్టకుండా ఎవరు ఊరుకుంటారండీ?" అన్నారు సత్తిబాబు గారు, తల దించుకునే.

పట్టి ఉంచే తీగ లేక ఇసుక జారిపోయింది. కొత్త వరసలు రెండూ సముద్రంలో కలిశాయి. ఇప్పుడు అలలు తగులుతున్నది తుపానుకి కూడా నిలబడ్డ పాత చెట్లకి. అవీ పోతే ఇల్లు గడవడం కష్టమని ఆవిడ మామూలుగానే చెప్పారు గానీ, నా చేతిలో బొండం నాకు తాగబుద్ధి కాలేదు.

తర్వాత తోట తూర్పు చివరకి తీసుకెళ్లారు. అక్కడ మంగాయమ్మ గారు రెండేళ్ల క్రితం పుట్టింటి నుంచి మొగలి పిలకలు తెచ్చి నాటారట. వాటి ముందు బాలబంద తీగ దానంతటదే వచ్చి, ఊదారంగు పూలతో నీళ్ల వైపు పాకుతోంది. దాని చుట్టూ మోకాలెత్తు ఇసుక పేరుకుంది. తీగ, మొగలి, కొబ్బరి. నేను వెతుక్కుంటూ వచ్చిన వరస! ఆనందం పట్టలేక, క్లాసులో పిల్లలకి చూపించడానికి ఒక తీగ పీకబోయాను.

"ఆగండాగండి! పీక్కండి మేడమ్ గారూ!" సత్తిబాబు గారు పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చారు. "దాన్ని పట్టుకునే ఇసుక నిలబడిందండీ!"

"పిచ్చి మొక్కే కదండీ, పీకనివ్వండి," అన్నారు మంగాయమ్మ గారు, నవ్వు ఆపుకుంటూ.

"ఆయ్, అది అప్పుడండీ," అన్నారాయన.

తిరుగు బస్సులో పాఠం సంగతి మర్చిపోయి ఆ పాత చెట్ల గురించే ఆలోచించాను. ఆ తీగ తూర్పు చివర నుంచి వాటి దాకా పాకే వరకూ అవి నిలబడతాయో లేదో నాకు తెలియదు. నిలబడాలని మాత్రం చాలా గట్టిగా అనిపించింది.

మీరు వెళ్తే ఎండెక్కకముందే వెళ్లండి, నచ్చిన మొక్కకి ఫోటో తీసుకోండి. పీకాలని చూశారో, సత్తిబాబు గారు ఇసుకలో కూడా బాగా పరుగెత్తగలరు.